మన నోటి మీద ఇతరుల హక్కు

అస్సలాము అలైకుం వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

గౌరవనీయులైన పెద్దలకు, సోదరులకు, తెరకు ఆ వైపు కూర్చుని వింటున్న తల్లులకు, చెల్లెళ్లకు, మా పిలుపును మన్నించి వచ్చిన ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ మిత్రులకు నా అభివందనాలు. ఈ సాయంత్రం నాకు అప్పగించిన అంశం సంభాషణలో పాటించవలసిన మర్యాదలు. ఈ అంశం మీద మాట్లాడేవారు సాధారణంగా మృదువుగా మాట్లాడాలని, అబద్ధం ఆడకూడదని, కోపంలో నోరు జారకూడదని వరుసగా చెప్పుకుంటూ పోతారు. అవన్నీ నిజమే, అవన్నీ మనకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. తెలిసి కూడా మనం ఎందుకు పాటించలేకపోతున్నాం అన్నదే నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న. నాకు తోచిన సమాధానం ఏమిటంటే, మాట మర్యాదను మనం మన సంస్కారానికి సంబంధించిన విషయంగా, ఉంటే బాగుండే ఒక నగలాంటిదిగా భావిస్తున్నాం. ఖుర్ఆన్, హదీసులు (దైవప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనాలు) మాత్రం దానిని ఎదుటివాడికి మనం చెల్లించవలసిన బాకీగా చూస్తున్నాయి. ఈ తేడాను మీ ముందు ఉంచడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఒక హదీసు ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స: ఆయనకు అల్లాహ్ శుభాలు, శాంతి కలుగుగాక) ఒకసారి తన సహచరులను, దివాలా తీసినవాడు ఎవరో మీకు తెలుసా అని అడిగారు. డబ్బూ వస్తువులూ ఏమీ లేనివాడే మాలో దివాలా తీసినవాడు అని వారు జవాబిచ్చారు. అప్పుడు ఆయన, నా సముదాయంలో దివాలా తీసినవాడు ప్రళయదినాన నమాజు, ఉపవాసాలు, జకాత్ (విధిగా ఇచ్చే దానం) అన్నీ వెంటబెట్టుకుని వస్తాడు, కానీ ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరిపై అపనింద వేసి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఒకరి రక్తం చిందించి ఉంటాడు, ఒకరిని కొట్టి ఉంటాడు, అతని పుణ్యాలన్నీ వారికి పంచబడతాయి, పంచడానికి ఇంకేమీ మిగలకపోతే వారి పాపాలు తెచ్చి అతని మీద వేయబడతాయి, అప్పుడు అతను నరకంలోకి విసిరివేయబడతాడు అని చెప్పారు. ఈ హదీసులో ఐదు నేరాలు ఉన్నాయి. హత్య ఉంది, దోపిడీ ఉంది, దెబ్బ ఉంది. వాటన్నిటికంటే ముందు వరుసలో నిలబెట్టినవి నోటితో చేసిన రెండు నేరాలు.

అల్లాహ్ విషయంలో మనం చేసే లోపాలను ఆయన తన కారుణ్యంతో క్షమించవచ్చు. సాటి మనిషి గౌరవానికి చేసిన హానిని ఆ మనిషి క్షమించాలి. నేను ఐదు పూటలా మసీదుకు వెళుతున్నాను, రమజాన్‌లో ముప్పై రోజులూ ఉపవాసం ఉంటున్నాను, కాబట్టి నా నోరు కాస్త కటువైనా ఫరవాలేదు అనుకునే మనిషికి ఈ హదీసు ముందు నిలబడటానికి చోటు లేదు. ఇలాంటిదే మరొక ఉల్లేఖనం ఉంది. ఒక స్త్రీ విస్తారంగా నమాజులు చేస్తుంది, ఉపవాసాలు ఉంటుంది, దానధర్మాలు చేస్తుంది, కానీ తన నోటితో ఇరుగుపొరుగువారిని బాధిస్తుంది అని దైవప్రవక్త (స) ముందు ప్రస్తావన వచ్చినప్పుడు, ఆమె నరకవాసి అని ఆయన సూటిగా చెప్పారు. ఆ వెంటనే మరొక స్త్రీ ప్రస్తావన వచ్చింది. ఆమె నఫిల్ (ఐచ్ఛిక) నమాజులు, ఉపవాసాలు తక్కువే, దానం చేస్తే కాసిన్ని పనీర్ ముక్కలు చేస్తుంది, కానీ ఎవరినీ మాటతో నొప్పించదు. ఆమె స్వర్గవాసి అన్నారు.

ఇప్పుడు ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా దగ్గరికి వద్దాం. ఇది 49వ సూరా (అధ్యాయం), 18 ఆయత్‌లు (వాక్యాలు) మాత్రమే. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలి, ఒకరి గురించి ఒకరు ఎలా మాట్లాడుకోవాలి అన్న విషయం ఇంత దగ్గరగా, ఇంత గట్టిగా చెప్పబడిన చోటు ఖుర్ఆన్‌లో మరొకటి లేదని నా అభిప్రాయం. హిజ్రీ 9వ సంవత్సరంలో బనూ తమీమ్ తెగ ప్రతినిధులు మదీనాకు వచ్చి, దైవప్రవక్త (స) నివసించే గదుల బయట నిలబడి, ‘ముహమ్మద్, బయటికి రా’ అని కేకలు వేశారు. గదుల వెనుక నుంచి అలా పిలిచేవారిలో చాలామందికి తెలివి లేదని, ఆయన బయటికి వచ్చేదాకా ఓపిక పట్టి ఉంటే వారికే మేలు జరిగేదని ఈ సూరా అంటుంది. ప్రవక్త కంఠస్వరం కంటే మీ స్వరాన్ని పెంచకండి, ఒకరితో ఒకరు బిగ్గరగా మాట్లాడుకున్నట్టు ఆయనతో మాట్లాడకండి, మీకు తెలియకుండానే మీ కర్మలు వృథా అయిపోతాయి అని 2వ ఆయత్ హెచ్చరించింది.

ఈ ఆయత్ విన్న తరువాత ఒక మనిషి ఇంట్లో కూర్చుండిపోయాడు. ఆయన పేరు సాబిత్ బిన్ ఖైస్ (రజి: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక). మదీనా స్థానిక ముస్లింలైన అన్సారుల తరఫున సభల్లో ప్రసంగించే వక్త ఆయనే, పుట్టుకతోనే పెద్ద గొంతు. ఆయన కనిపించడం లేదని దైవప్రవక్త (స) వాకబు చేస్తే, ఒకరు ఇంటికి వెళ్లి చూశారు. సాబిత్ (రజి) తల వంచుకుని కూర్చుని ఉన్నారు. నా గొంతు ప్రవక్త గొంతు కంటే పైకి లేచేది, నా కర్మలన్నీ నాశనమైపోయాయి, నేను నరకవాసిని అన్నారు. ఈ కబురు తెలిసి దైవప్రవక్త (స) తిరిగి కబురు పంపారు: వెళ్లి చెప్పు, నువ్వు నరకవాసివి కావు, స్వర్గవాసివి అని. ఈ సంఘటనను నేను ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, మర్యాద అనేది గొంతు పెద్దదా చిన్నదా అన్న దానితో కొలిచేది కాదు. పుట్టుకతో వచ్చిన గొంతుకు ఎవరూ శిక్షించబడరు. తన గొంతు ఎదుటివారిని నొప్పించిందేమోనని భయపడి ఇంట్లో కుమిలిపోయిన ఆ మనసే ఆయనకు శుభవార్త తెచ్చింది. మనలో ఎంతమందిమి పెద్ద గొంతు ఉన్నందుకు గర్వపడుతున్నామో, మాట నెగ్గించుకోవడానికి దానినే ఆయుధంగా వాడుతున్నామో ఎవరికి వారు ఆలోచించుకోవాలి. వివేకి లుఖ్మాన్ (అలై: ఆయనపై శాంతి కలుగుగాక) తన కొడుకుకు చేసిన హితోపదేశంలో నీ స్వరాన్ని తగ్గించు, అన్ని స్వరాలలోకీ గాడిద స్వరం అసహ్యమైనది అని చెప్పినట్టు 31వ సూరాలో చదువుతాం.

హుజురాత్ సూరా 11వ ఆయత్ ఎగతాళి గురించి, పేర్లు పెట్టి పిలవడం గురించి. పురుషులు పురుషులను ఎగతాళి చేయరాదు, వీరికంటే వారే మేలైనవారు కావచ్చు. స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయరాదు, వీరికంటే వారే మేలైనవారు కావచ్చు. ఒకరినొకరు ఎత్తిపొడవకండి, చెడ్డ పేర్లతో పిలవకండి అని ఆ ఆయత్ అంటుంది. ఈ ఆయత్ బనూ సలమా వంశీయుల సందర్భంలో అవతరించిందని ఆ వంశానికే చెందిన ఒక సహచరుడు చెప్పారు. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చేనాటికి వారిలో ఒక్కొక్కరికి రెండు మూడు పేర్లు ఉండేవి. ఆయన ఎవరినైనా వాటిలో ఒక పేరుతో పిలిస్తే, దైవప్రవక్తా, ఆ పేరుతో పిలిస్తే అతనికి కోపం వస్తుంది అని పక్కవారు చెప్పేవారు. మన ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా ఇదే కదా కనిపిస్తుంది! కుంటి ఫలానా, గుడ్డి ఫలానా, నత్తి ఫలానా అని అంగలోపాన్ని పేరుకు ముందు తగిలించి పిలుస్తాం. అతను నవ్వుతూ పలుకుతాడు కాబట్టి అతనికి అభ్యంతరం లేదని మనకు మనమే చెప్పుకుంటాం. పలకక ఏం చేస్తాడు? ఊరంతా అదే పేరుతో పిలుస్తుంటే ఎంతమందితో పోట్లాడగలడు?

అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) చాలా సన్నని మనిషి. ఆయన ఒకసారి మిస్వాక్ (పళ్లు తోముకునే) పుల్లలు తెంపడానికి చెట్టెక్కినప్పుడు గాలికి బట్ట తొలగి, సన్నని పిక్కలు కనిపించి కొందరు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని దైవప్రవక్త (స) అడిగారు. ఆయన కాళ్లు ఎంత సన్నగా ఉన్నాయో చూసి నవ్వుతున్నాం అన్నారు. నా ప్రాణం ఎవరి చేతిలో ఉందో ఆయన సాక్షిగా చెబుతున్నాను, ఆ కాళ్లు త్రాసులో ఉహుద్ కొండ కంటే బరువైనవి అన్నారు.

శరీరాన్ని ఎగతాళి చేయడం కంటే దారుణమైనది పుట్టుకను ఎత్తి తిట్టడం. అబూ జర్ (రజి) ఎంతటి మహనీయుడో ఇక్కడ చాలామందికి తెలుసు. ఆయన ఒకసారి ఒక మనిషిని తల్లిని ఎత్తి అవమానించారు. ఆ విషయం దైవప్రవక్త (స) చెవిన పడింది. అతన్ని తల్లిని ఎత్తి అవమానించావా, నీలో ఇంకా (ఇస్లాంకు ముందటి) అజ్ఞానకాలం మిగిలే ఉంది అని మందలించారు. మీ చేతికింద ఉన్నవారు మీ సోదరులే, మీరు తినేదే వారికి తినిపించండి, మీరు కట్టేదే వారికి కట్టించండి అని చెప్పారు. ఎన్నో ఏళ్ల తరువాత రబజా అనే చోట అబూ జర్ (రజి)ను చూసినవారు, ఆయనా, ఆయన సేవకుడూ ఒకే రకం వస్త్రం ధరించి ఉండటం చూసి ఆశ్చర్యపడి కారణం అడిగినప్పుడు ఆయనే స్వయంగా ఈ సంగతి చెప్పారు. ఒక మాటకు ఆయన జీవితమంతా ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. కులం పేరును తిట్టుగా వాడే అలవాటు ఉన్న ఈ నేల మీద, ముస్లింల ఇళ్లలో కూడా ఆ అలవాటు లేదని చెప్పలేని ఈ నేల మీద, ఈ హదీసును ప్రతి మసీదులోనూ మళ్లీ మళ్లీ చదవాలని నేను కోరుకుంటాను.

ఇక గీబత్, అంటే పరోక్షనింద. ఒకరినొకరు వెనుక నుంచి నిందించుకోకండి, మీలో ఎవరైనా చనిపోయిన తన సోదరుని మాంసం తినడానికి ఇష్టపడతారా, మీరు దానిని అసహ్యించుకుంటారు కదా అని 12వ ఆయత్ అడుగుతుంది. చనిపోయినవాడు తన శరీరాన్ని కాపాడుకోలేడు, అక్కడ లేనివాడు తన గౌరవాన్ని కాపాడుకోలేడు. గీబత్ అంటే ఏమిటో దైవప్రవక్త (స) ఏ సందేహానికీ తావు లేకుండా నిర్వచించారు: నీ సోదరునికి ఇష్టం లేని విషయాన్ని అతని గురించి ప్రస్తావించడం. నేను చెప్పేది అతనిలో నిజంగానే ఉంటేనో అని ఒకరు అడిగారు. ఉంటే అది గీబత్, లేకపోతే అది అపనింద అని జవాబు వచ్చింది. నేను ఉన్నదే చెబుతున్నాను, లేనిది చెప్పడం లేదు, అతని ముఖం మీద కూడా చెబుతాను అని మనం ఎంత ధైర్యంగా సమర్థించుకుంటామో మీకు తెలుసు. ఆ సమర్థన ఈ నిర్వచనం ముందు ఒక్క క్షణం కూడా నిలవదు. నిజం కావడం వల్లనే అది గీబత్ అవుతోంది.

దైవప్రవక్త (స) సతీమణి, విశ్వాసుల మాత ఆయిషా (రజి) ఒక సందర్భంలో ఆయన మరో సతీమణి సఫియ్యా (రజి) గురించి ఆమె పొట్టి అని సూచించే మాట ఒకటి అన్నారు. దానికి దైవప్రవక్త (స), నువ్వు అన్న మాటను సముద్రపు నీటిలో కలిపితే ఆ నీరు కూడా పాడవుతుంది అన్నారు. అదే ఉల్లేఖనంలో ఆయిషా (రజి), మరొకసారి ఒక వ్యక్తిని అనుకరించి చూపించాను, నాకు ఎంతెంత ఇచ్చినా ఒక మనిషిని అలా అనుకరించడం నాకు ఇష్టం ఉండదు అని ఆయన అన్నారు అని చెప్పారు. ఎవరో నడిచే తీరును, ఎవరి యాసనో, ఎవరి నత్తినో అనుకరించి నలుగురినీ నవ్వించడం మనకు వినోదం. పెళ్లిళ్లలో, స్నేహితుల మధ్య అలా చేసేవారిని సరదా మనిషి అని మెచ్చుకుంటాం కూడా. ఈ సంఘటనలను మనకు చేరవేసినది ఎవరో గమనించారా? ఆ మందలింపు అందుకున్న ఆయిషా (రజి) గారే. తనను సరిదిద్దిన మాటను దాచుకోకుండా తరువాతి తరాలకు అందించారు.

ఆమె పేరు వచ్చింది కాబట్టి, నోటిమాట మీద ఇస్లాం చెప్పినదంతా ఒక్కచోట చూపించే సంఘటన గురించి ఇక చెప్పాలి. బనూ ముస్తలిఖ్ తెగ మీద దండయాత్ర నుంచి తిరిగి వస్తూ ఒక మజిలీలో ఆమె కాలకృత్యాలకు వెళ్లారు. యెమెన్ పూసల హారం తెగి పడిపోయింది, దానిని వెతుక్కుంటూ ఉండగా దండు కదిలిపోయింది. ఆమె తేలికగా ఉండేవారు, కాబట్టి ఒంటె మీద పల్లకీని ఎత్తి పెట్టినవారికి లోపల ఆమె లేరని తెలియలేదు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని ఆమె అక్కడే ఉండిపోయి, నిద్రలోకి జారుకున్నారు. వెనుకగా వస్తున్న సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) ఆమెను గుర్తుపట్టి, ‘ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్’ (మేము అల్లాహ్‌కు చెందినవారం, ఆయన వైపుకే మరలేవారం) అన్నారు, ఒంటెను కూర్చోబెట్టి ఆమెను ఎక్కించి, తాను నడుస్తూ దండును చేరుకున్నారు. ఆ ఒక్క వాక్యం తప్ప ఆయన నాతో మరొక్క మాట కూడా మాట్లాడలేదు అని ఆయిషా (రజి) ప్రమాణం చేసి చెప్పారు. అంత మర్యాదగా జరిగిన దాని మీద మదీనాలో ఆమె శీలాన్ని శంకించే ఒక పుకారు పుట్టింది. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబయ్ దానిని రగిలించాడు. అయితే దానిని వీధివీధికీ మోసినవారిలో మంచివారు కూడా ఉన్నారు.

ఆమె తిరిగి రాగానే జబ్బుపడి దాదాపు ఒక నెల మంచం మీద ఉన్నారు. ఊరంతా తన గురించి ఏమనుకుంటోందో ఆమెకు తెలియదు. కాస్త కోలుకున్నాక ఒక రాత్రి మిస్తహ్ అనే సహచరుని తల్లి ఉమ్మె మిస్తహ్ (రజి)తో కలిసి బయటికి వెళ్లారు. ఆ పెద్దావిడ కాలికి తన బట్టే తట్టుకుని తూలి, మిస్తహ్ నాశనమైపోవాలి అని సొంత కొడుకును శపించింది. వెంటనే ఆయిషా (రజి), ఎంత చెడ్డ మాట అన్నారు, బద్ర్ యుద్ధంలో పాల్గొన్న మనిషిని తిడుతున్నారా అని అడ్డుపడ్డారు. అప్పుడు ఆ తల్లి, అతను ఏమన్నాడో నువ్వు వినలేదా అమ్మా అని అసలు సంగతి చెప్పింది. ఆమె మీద పుకారును మోసినవారిలో మిస్తహ్ కూడా ఒకరు! ఈ ఘట్టం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తన వెనుక తనను నిందిస్తున్న మనిషిని, అతను అక్కడ లేనప్పుడు, అతని కన్నతల్లి నోటి నుంచి కాపాడింది ఆమె. పరోక్షంలో ఉన్న మనిషి హక్కు అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇదే సంఘటనలో జైనబ్ బిన్తె జహ్ష్ (రజి) ప్రవర్తన మరొక వెలుగు. దైవప్రవక్త (స) సతీమణులలో నాతో సమానంగా పోటీపడేది ఆమే అని ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు. ఆమె సోదరి హమ్నా ఈ పుకారులో చిక్కుకుంది. సవతి, పైగా సోదరి అటువైపు. అలాంటి జైనబ్ (రజి)ను దైవప్రవక్త (స) అభిప్రాయం అడిగినప్పుడు, నా చెవులనూ నా కళ్లనూ నేను కాపాడుకుంటాను, ఆమె గురించి నాకు మంచి తప్ప మరేమీ తెలియదు అన్నారు. చూడనిది చూశాననీ, విననిది విన్నాననీ చెప్పను అని ఆమె భావం. మనకు పడని మనిషి గురించి చెడు మాట వినిపించినప్పుడు మన మనసు ఎంత త్వరగా నమ్మేస్తుందో గుర్తు చేసుకోండి.

అల్లాహ్ నూర్ సూరాలో ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటించాడు. ఆ సందర్భంలో పుకారును మోసినవారితో ఆయన అన్న మాట 15వ ఆయత్‌లో ఉంది: మీరు దానిని నాలుకల మీదుగా అందుకున్నారు, మీకు తెలియని దానిని మీ నోళ్లతో పలికారు, దానిని తేలికైన విషయం అనుకున్నారు, అల్లాహ్ దగ్గర అది ఘోరమైనది. ఆ తరువాత జరిగినది మరీ కష్టమైనది. మిస్తహ్ బీదవాడు, ఆయిషా (రజి) తండ్రి అబూబకర్ (రజి)కు బంధువు, ఆయన ఇచ్చే సాయంతోనే బతుకుతున్నవాడు. తన కూతురిని నిందించిన మనిషికి ఇకపై ఏమీ ఇవ్వనని అబూబకర్ (రజి) ఒట్టు పెట్టుకున్నారు. మనలో ఎవరైనా అదే చేస్తాం. కానీ బంధువులకూ, నిరుపేదలకూ ఇవ్వబోమని స్థోమత గలవారు ఒట్టు పెట్టుకోకూడదు, వారు మన్నించాలి, అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీరు కోరుకోరా అని 22వ ఆయత్ అవతరించింది. కోరుకుంటాను అని అబూబకర్ (రజి) అన్నారు, ఆ సాయాన్ని మళ్లీ మొదలుపెట్టారు, ఇక ఎప్పటికీ ఆపనన్నారు.

నాలుకల మీదుగా అందుకోవడం అన్న పని ఇప్పుడు వేళ్లతో జరుగుతోంది. వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన ఒక ఫొటోను, ఒక ఆరోపణను, ఎవరి ఇంటి గొడవనో మరో పది గ్రూపులకు పంపేవాడు, నేను రాయలేదు, వచ్చింది పంపాను అంటాడు. విన్నదల్లా చెప్పడమే ఒక మనిషి అబద్ధాలకోరు అనడానికి చాలు అని దైవప్రవక్త (స) చెప్పారు. హుజురాత్ సూరా 6వ ఆయత్, ఒక దుర్మార్గుడు ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించండి, లేకపోతే తెలియక ఒక వర్గానికి హాని చేసి, చేసినదానికి తరువాత పశ్చాత్తాపపడతారు అంటుంది. మతాల మధ్య మంట పెట్టే సందేశాలు ఎన్ని ఊళ్లలో ఎన్ని కుటుంబాలను కాల్చాయో మనకు తెలుసు. అటువంటి సందేశం ఏ పక్షం నుంచి వచ్చినా, ఎవరికి వ్యతిరేకంగా వచ్చినా, విచారించకుండా ముందుకు పంపిన విశ్వాసి ఈ ఆయత్‌ను ఉల్లంఘించినట్టే.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాడినవుతాను. గీబత్ పాపం అన్న మాటను అడ్డం పెట్టుకుని బాధితుల నోరు మూయించేవారు ఉన్నారు. భర్త కొడుతున్నాడని చెప్పబోయిన ఆడకూతురితో, పరువు బయట పెట్టకమ్మా, గీబత్ అవుతుంది అని పెద్దరికం చేసేవారు ఉన్నారు. ఇది ధర్మం కాదు. చెడు మాటను బహిరంగంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవారు తప్ప అని నిసా సూరా 148వ ఆయత్ స్పష్టంగా మినహాయింపు ఇచ్చింది. తన భర్త గురించి ఫిర్యాదు చేసిన ఒక స్త్రీ మాటను అల్లాహ్ విన్నాడు అని ముజాదలా సూరా మొదలవుతుంది. హదీసు పండితుడు ఇమామ్ నవవీ (మరణం 1277) గీబత్‌కు మినహాయింపు ఉన్న సందర్భాలు ఆరు అని వివరించారు. న్యాయం కోరి అధికారి ముందు చెప్పుకోవడం, చెడును ఆపడానికి సాయం అడగడం, ధర్మసందేహం తీర్చుకోవడం, ఇతరులను హాని నుంచి హెచ్చరించడం, బాహాటంగా పాపం చేసేవాడి ఆ పాపాన్ని ప్రస్తావించడం, వేరే విధంగా గుర్తుపట్టలేని మనిషిని అతనికి స్థిరపడిపోయిన పేరుతో చెప్పడం.

వీటికి హదీసుల ఆధారం ఉంది. నా భర్త అబూ సుఫ్యాన్ పిసినారి, నాకూ నా పిల్లలకూ సరిపడా ఇవ్వడు అని హింద్ (రజి) వచ్చి చెప్పుకున్నప్పుడు దైవప్రవక్త (స) ఆమెను వారించలేదు, నీకూ నీ పిల్లలకూ న్యాయంగా సరిపడేంత తీసుకో అన్నారు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు ముఆవియా, అబూ జహ్మ్ ఇద్దరి నుంచీ సంబంధాలు వచ్చాయని సలహా అడిగితే, ముఆవియా దగ్గర డబ్బు లేదు, అబూ జహ్మ్ భుజం మీది నుంచి కర్ర దించడు (అంటే చెయ్యి చేసుకునేవాడు), ఉసామాను చేసుకో అని చెప్పారు. మన దగ్గర పెళ్లి సంబంధం గురించి వాకబు చేసినప్పుడు, ఎందుకొచ్చిన గొడవ అని, పిల్లవాడు తాగుతాడని తెలిసి కూడా మంచివాడే అని చెప్పేస్తాం. అది మర్యాద అనుకుంటాం. ఒక ఆడపిల్ల జీవితం ఆధారపడిన చోట నిజం దాచడం ఆమె హక్కును కాజేయడమే. అడిగినంతవరకు, అవసరమైనంతవరకు, చెప్పడంలో రుచి వెతుక్కోకుండా చెప్పాలి.

ఇంట్లో మాటల గురించి తక్కువగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ వివరణ కంటే ఆచరణ అవసరం. తల్లిదండ్రులు ముసలివారైనప్పుడు వారితో విసుగ్గా ‘ఉఫ్’ అని కూడా అనవద్దని, గౌరవంగా మాట్లాడమని ఇస్రా సూరా 23వ ఆయత్ ఆదేశిస్తుంది. అనస్ (రజి) పదేళ్లు దైవప్రవక్త (స)కు సేవ చేశారు, ఆ పదేళ్లలో ఆయన ఒక్కసారి కూడా నాతో ‘ఉఫ్’ అనలేదు, ఇలా ఎందుకు చేశావు, అలా ఎందుకు చేయలేదు అని అనలేదు అన్నారు. ఖుర్ఆన్ తల్లిదండ్రుల విషయంలో విధించిన కట్టుబాటును ఆయన తన దగ్గర పనిచేసే కుర్రవాడి విషయంలో కూడా పాటించారు. మన దుకాణాల్లో, మన ఇళ్లలో పనిచేసే పిల్లలతో మనం ఎలా మాట్లాడుతున్నామో వారిని అడిగితే తెలుస్తుంది.

ఇక ఇతర మతస్థులతో మాట. కొందరు యూదులు దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి సలాం చెబుతున్నట్టు నటిస్తూ, మాటను కాస్త మార్చి, మీకు చావు రావాలి అన్నారు. ఆయిషా (రజి)కు అది అర్థమై, మీకే చావు, మీ మీదే శాపం అని ఎదురు తిట్టారు. నెమ్మది ఆయిషా, అల్లాహ్ అన్ని విషయాలలోనూ మృదుత్వాన్ని ఇష్టపడతాడు అని ఆయన వారించారు. వారేమన్నారో మీరు వినలేదా అని ఆమె అడిగితే, ‘మీకు కూడా’ అన్నాను కదా అన్నారు. అల్లాహ్‌ను కాక వారు ఎవరిని వేడుకుంటారో వారిని దూషించకండి అని అన్‌ఆమ్ సూరా 108వ ఆయత్ మనకు ఆజ్ఞ. ఇది మన ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు. నేనే మీకు సర్వోన్నత ప్రభువును అని ప్రకటించుకున్న ఈజిప్టు రాజు ఫిరౌన్ దగ్గరికి ప్రవక్తలు మూసా, హారూన్ (అలై)లను పంపుతూ కూడా అతనితో మృదువుగా మాట్లాడమనే అల్లాహ్ చెప్పాడు. మనం మూసా (అలై) కంటే గొప్పవారం కాము, మన పక్కింటివాడు ఫిరౌన్ కంటే చెడ్డవాడు కాడు. బాబాయి, పిన్ని, అన్న, వదిన అని మతంతో నిమిత్తం లేకుండా వరసలు కలిపి పిలుచుకునే అలవాటు మన తెలుగు పల్లెల్లో ఇంకా ఉంది. ఆ పిలుపును మన పిల్లలకు నేర్పడం కూడా మన ధర్మంలో భాగమేనని నేను నమ్ముతున్నాను.

చివరగా, ఇదంతా విన్నాక మీలో కొందరికి తప్పక వచ్చే ప్రశ్న: ఇప్పటికే అనేసిన మాటల సంగతి ఏమిటి? తన సోదరుని గౌరవం విషయంలోగాని, మరే విషయంలోగాని అన్యాయం చేసినవాడు, దీనార్‌లూ దిర్హమ్‌లూ చెల్లని ఆ రోజు రాకముందే, ఈరోజే విడుదల పొందాలి అని దైవప్రవక్త (స) చెప్పారు. ముఖాముఖి తిట్టినవాడు వెళ్లి క్షమాపణ అడగాలి, అందులో వేరే మాట లేదు. వెనుక నిందించిన సంగతి అతనికి తెలియకపోతే ఏం చేయాలన్న దాని మీద పండితులలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. వెళ్లి చెప్పి మన్నింపు కోరాలని కొందరు అన్నారు. చెబితే అతని మనసు కొత్తగా గాయపడుతుంది, విరోధం పెరుగుతుంది, కాబట్టి చెప్పకుండా అతని కోసం దుఆ (ప్రార్థన) చేయాలి, ఏ కూర్చున్న చోట అతని చెడు చెప్పాడో అదే చోట, అదే మనుషుల ముందు అతనిలోని మంచిని చెప్పాలి అని ఇబ్న్ తైమియా (మరణం 1328) వంటివారు అన్నారు. నాకు ఈ రెండో అభిప్రాయం కష్టమైనదిగా, ఎక్కువ మేలు చేసేదిగా కనిపిస్తుంది. క్షమాపణ ఒక్క నిమిషంలో అయిపోతుంది. నిన్న ఎవరిని చులకన చేసి నవ్వించామో, ఇవాళ అదే టీ కొట్టు దగ్గర, అదే స్నేహితుల ముందు అతని గురించి మంచి మాట చెప్పడానికి చాలా బలం కావాలి.

నేను కూడా ఇంతసేపు మాట్లాడాను, ఇందులో అనవసరమైనదీ దొర్లి ఉండవచ్చు. అనవసరపు మాటలు ఎక్కువగా దొర్లిన సభ నుంచి లేచే ముందు చదవమని దైవప్రవక్త (స) నేర్పిన దుఆ ఒకటి ఉంది. దానిని మనమందరం కలిసి చదివి లేద్దాం: సుబ్‌హానకల్లాహుమ్మ వ బిహమ్దిక, అష్‌హదు అల్లా ఇలాహ ఇల్లా అంత, అస్తగ్ఫిరుక వ అతూబు ఇలైక్. ఓ అల్లాహ్, నీవు పరిశుద్ధుడవు, స్తోత్రం నీకే, నీవు తప్ప ఆరాధ్యుడు లేడని సాక్ష్యమిస్తున్నాను, నీ క్షమాపణ కోరుతున్నాను, నీ వైపుకే మరలుతున్నాను. ఆమీన్.